కారుకిచ్చిన తలనీలాలు

క్లచ్ మాడిన వాసన ఎక్కడ తగిలినా నా చెయ్యి తలమీదికి పోతుంది.

నాకు ఆరేళ్లప్పుడు తమ్ముడి పుట్టువెంట్రుకలు తీయించడానికి మణవాళనగర్ నుంచి తిరుత్తణి బయల్దేరినాము. ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసే మా మామ, తను కట్టిన చక్రాల ఇంటిని నాన్న కారు వెనక తగిలించినాడు. అందులో మంచం, స్టవ్వు, అవ్వ చేసిన పులిహోర గుండిగ.

కొండ సగం ఎక్కకముందే క్లచ్ మాడిన వాసన గుప్పుమని, ఇంజను కొండెక్కింది.

"లాగే బరువుకి ఒక హద్దుంటుంది బావా. ఇంగ రవ్వంత ఎక్కువైనా ఇది లాగదు," అన్నాడు మామ.

"అయితే ఎవుర్ని వదిలేసి పోదాం?" అని నాన్న నవ్వుతా నావైపు చూసినాడు. పిల్లల్లో బొద్దుగా ఉండేది నేనే.

అందరమూ దిగి నడిస్తేగానీ కారు పైకి రాలేదు. తిరిగి పోయేటప్పుడు నన్ను అక్కడే వదిలేస్తారని నాకు బెంగ పట్టుకుంది. తమ్ముడికి గుండు కొట్టడం కాగానే నేనూ పోయి మంగలి ముందు కూర్చున్నాను. అప్పటికప్పుడు తగ్గించుకోగలిగిన బరువు అదొక్కటే.

"మొక్కు నీది కాదు గదరా," అంది అమ్మ.

"అడ్డం చెప్పొద్దే. స్వామే బిడ్డకి బుద్ధి పుట్టించినాడు," అని అవ్వ కళ్లొత్తుకుంది.

దిగేటప్పుడు అందరమూ ఎక్కినా కారు జర్రున జారిపోయింది. నా జుట్టు ఇంత బరువా అని ఆశ్చర్యపోయినాను. దిగువకు ఏ బండైనా పోతుందని చాన్నాళ్లకు గానీ తెలియలేదు.

ఆరేళ్లకే అడిగి మరీ గుండు కొట్టించుకున్న భక్తుడని అవ్వ ఇప్పటికీ చుట్టాలకు నన్ను చూపిస్తుంది. ఆ తలనీలాలు నాన్న కారుకిచ్చినానని ఆమెకు ఎట్లా చెప్పేది?