ఎర్రచీరలో పచ్చచీర కనిపించిన రోజు

మొన్న మా మనవరాలు, కదిపితే బొమ్మ మారే ప్లాస్టిక్ స్కేలొకటి తెచ్చుకుని, దాని మీద గోరుతో గర్రుగర్రుమని గీకుతూ కూర్చుంది. ఇంట్లో అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఆ చప్పుడుకు ధర్మవరం అచ్చు ప్రెస్సులో నాకు ఆఫ్‌సెట్ మిషన్ నేర్పిన మస్తానన్న గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే బాగుండేది.

ఎనభైల్లో ఆ ప్రెస్సులో పట్టుచీరల లేబుళ్లు అచ్చయ్యేవి. నేతగాడి కూతుర్ని నేను, లేబుళ్లు కత్తిరించి కట్టలు కట్టేదాన్ని. ఒకరోజు మస్తానన్నే పిలిచాడు. “సరోజా, ఈడ నిలబడి కండ్లు మూసుకో. రోలర్ల మీద ఇంకు చప్పుడు విను. ఇంకు ఎక్కువైతే చప్పుడు మారుతాది.” ఆడమనిషికి మిషనేమిటని ఓనరు ముఖం మాడ్చుకున్నాడు. “చూస్తాండు అప్పా, నాకన్నా బాగా తోల్తాది” అన్నాడు మస్తానన్న.

ఆ ఎండాకాలం ఒక చీరల వ్యాపారి, అటు తిప్పితే ఎర్రగా, ఇటు తిప్పితే పచ్చగా కనిపించే చీర బొమ్మ కార్డులు కావాలన్నాడు. రెండు బొమ్మలనూ సన్నటి పీలికలు చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చిన ఫిల్ము మద్రాసు నుంచి వచ్చింది. దాన్ని కాగితం మీద అచ్చువేసి, పైన గోరుతో గీకితే గర్రుమనే గీతల ప్లాస్టిక్ షీటు అతికించాలి. గీతకు గీత కూర్చుంటే ఒక్కోవైపు నుంచి ఒక్కో చీరే కనిపిస్తుంది. వెంట్రుకవాసి తప్పినా రెండూ కలిసి గజిబిజి. మస్తానన్న ఆ పని నాకే అప్పగించాడు. “చెడిందంటే ఈయమ్మ మళ్లా లేబుళ్లు కట్టుకోవాల్సిందే” అన్నాడు ఓనరు.

పొద్దున అచ్చువేసి ఒక కార్డు అతికించి చూశాం. బ్రహ్మాండం! మిగతావి అతికించడం మధ్యాహ్నానికి పెట్టుకున్నాను. సగం ప్లాస్టిక్ షీట్లు అయిపోయాక కదిపి చూస్తే, ఎర్రచీరలో పచ్చచీర దయ్యంలా నిలబడి ఉంది. మస్తానన్న దగ్గరికి పరుగెత్తాను.

“మిషన్‌దే తప్పని ఓనరుతో చెప్పన్నా” అని బతిమాలాను.

“చెప్పను. పా, నువ్వే చెప్పు. నేను నీ పక్కనే ఉంటా.”

మధ్యమధ్యలో కదిపి చూసుకోకుండా అతికించింది నేనేనని ఓనరుతో చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మస్తానన్న నా పక్కనుంచి ఒక్కడుగు జరగలేదు. “మిగిలిన సగమూ ఈమే చేస్తాదప్పా. చెడితే నేనూ మిషన్ దిగిపోతా” అన్నాడు.

ఇంటికి పోయేసరికి, ఎండకు పట్టుపోగులు తెగకుండా మా నాయన గుంతమగ్గం చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అప్పుడు తట్టింది: మా ఎండకు కాగితం మాత్రం ముడుచుకోదా? పొద్దున సరిపోయిన గీతలు మధ్యాహ్నానికి జరిగింది అందుకే. నా తెలివి తగలెయ్య!

మరునాడు చెబితే మస్తానన్న పకపకా నవ్వాడు. “ఇన్నేండ్లు మిషన్ తోలినా నాకు తట్టలేదు సూడు!” నీళ్లకు కటకటలాడే రోజుల్లో తన ఇంటి బిందెలు మోసుకొచ్చి గోనెపట్టాలు తడిపాడు. గది చుట్టూ వాటిని కట్టాం. కొన్ని కాగితాలే అచ్చువేయడం, వెంటనే అతికించడం, ప్రతిదీ కదిపి చూడడం. గీతకు గీత కూర్చుంది.

వ్యాపారి కార్డును అటూ ఇటూ తిప్పి, “భలే ఉండాదే! ఎవరు చేసినారప్పా?” అని మస్తానన్నను అడిగాడు. మస్తానన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

“చెప్పు సరోజా. తప్పు చెప్పుకునేకి నోరు వచ్చింది కదా.”

“నేనే చేసినా” అన్నాను. ఓనరు తల గోక్కుని, “ఔనప్పా, ఈయమ్మే. ఇంక మిషన్ ఈయమ్మదే” అన్నాడు. ఆ రోజు నేను నడిచిన నడక చూడాల్సింది!

ఇప్పుడు నాకు సొంత ప్రెస్సుంది. పనివాళ్లు ఏదైనా చెడగొడితే తిట్టు నోటిదాకా వస్తుంది; నాకు కోపం తక్కువేమీ కాదు. అయినా ఆర్డరిచ్చినవాళ్ల దగ్గరికి వాళ్లనే తీసుకుపోయి, పక్కనే నిలబడతాను. పని అద్భుతంగా వచ్చిన రోజు ఎవరైనా “ఎవరు చేసినారు?” అని అడిగితే మాత్రం, నోరు మూసుకుని చేతులు తుడుచుకుంటూ ఆ పని చేసినవాళ్ల వైపు చూస్తాను.