ప్రార్థన వచ్చింది, మాట రాలేదు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. విజయవాడలోని ఓ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడం నా పని. చల్లపల్లి నుంచి యేసుపాదం గారిని ఆయన భార్య మార్తమ్మ గారు తీసుకొచ్చారు. ఆయన రిటైరైన టీచరు, వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద.

"ఈయన ప్రార్థన చేస్తే జనం కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళండీ. ఎవరికి జబ్బు చేసినా ఈయన్నే పిలిచేవాళ్ళు. ఇప్పుడు మంచినీళ్ళు కూడా అడగలేకపోతున్నారు," అన్నారావిడ.

ఆయనకు వచ్చింది అఫేసియా. చెప్పదలుచుకున్నది మనసులో ఉంటుంది, మాటే దొరకదు.

కొన్ని వారాల తర్వాత, బాగా అలవాటైనదేదైనా చెప్పిద్దామని, చర్చిలో అందరూ కలిసి చెప్పే 'ప్రభువు నేర్పిన ప్రార్థన' ఎత్తుకున్నాను. నేనూ క్రైస్తవురాలినే. మొదటి మాట అందించానో లేదో, ఆయన ఆమేన్ దాకా గడగడా చెప్పేశారు. మార్తమ్మ గారు "స్తోత్రం ప్రభువా!" అంటూ ఏడ్చేశారు. దీన్ని మేం ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. ఏళ్ళ తరబడి వల్లించినది ఆలోచనతో పనిలేకుండా దానంతటదే వచ్చేస్తుంది. ఆ సంగతి విడమరిచి చెప్పాను. ఆవిడ ఆ సంతోషంలో వినిపించుకోలేదు. ఆయన మాత్రం విన్నారు. మొహం వాడిపోయింది.

తర్వాతి వారం మార్తమ్మ గారు దిగులుగా వచ్చారు. "ఆదివారం ఆరాధనలో అదే ప్రార్థన చెప్పి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యమివ్వమని అందరూ అడిగారమ్మా. ఎంత బతిమాలినా లేవలేదు. దేవుడి మీద అలిగారేమోనని భయంగా ఉంది."

"ఎందుకు వద్దన్నారు సార్?" అని అడిగి, తొందరపెట్టకుండా కూర్చున్నాను.

ఆయన పెదాలు చూపించారు. "నోరు... నేను కాదు." చాలాసేపు వెతుక్కున్నారు. "ముందు... కూడా. జనం... జనం కోసం."

మార్తమ్మ గారు గబుక్కున ఆయన చేయి పట్టుకున్నారు. "ఇదివరకు చేసిన ప్రార్థనలు కూడా జనం మెప్పు కోసమా? మరి జబ్బు మనుషుల పక్కన తెల్లార్లూ కూర్చున్నది అబద్ధమా?"

ఆయన ఆలోచించారు. "కొంచెం... జనం. కొంచెం... దేవుడు."

"అందరిదీ అంతేగా!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు.

ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకున్నారు. నుదుట చెమట పట్టింది. మాట అందించబోయి ఆగిపోయాను. అది నేను అందించాల్సిన మాట కాదనిపించింది.

"ప్రభువా... మార్త... ఇచ్చావ్."

అంతే. ఆమేన్ కూడా ఆయనకు దొరకలేదు. దాన్ని మార్తమ్మ గారు అన్నారు.

మునుపటి ధారాళం ఆయనకు మళ్ళీ రాలేదు. ఇప్పటికీ జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్తారట. ఎక్కువగా వాళ్ళ పక్కన కూర్చుని, కాసేపు చేయి పట్టుకుని ఉండి వస్తారట. మనం చేసే మేలులో, ప్రార్థనలో మెప్పు కోసం ఆశ ఎంతో కొంత కలిసే ఉంటుందనీ, దాన్ని చూసుకోవడానికి భయపడక్కర్లేదనీ, చూసుకున్నాక కూడా దేవుడితో మాట్లాడవచ్చనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ పూట ఆ గదిలో ఉన్నందుకు ఇప్పటికీ దేవుడికి కృతజ్ఞురాలిని.