మాసీ గుమ్మానికి రెండు మార్కులు

నా చిన్నప్పుడు నేను ఇళ్ళకు మార్కులు వేసేదాన్ని. అలంకరణకూ వంటకూ కలిపి పదికి ఇన్ని అని. అందుకోసం ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఒక్కో పేజీలో పైన ఆ ఇంటి గుమ్మం బొమ్మ వేసి, కింద అంకె వేసి, ఎందుకు అన్ని వేశానో తెలుగులో రెండు ముక్కలు రాసేదాన్ని. మొత్తం పదిహేడు ఇళ్ళు. మా ఇంటికి పది.

మా నాన్నగారికి అప్పుడు బికనేరులో ఉద్యోగం. ఎడారి ఊరు. గోదావరి కాలవ పక్కన పెరిగిన మాకు అక్కడ ఏదీ నచ్చలేదు. పక్కింటావిడను మాసీ అని పిలిచేవాళ్ళం, అంటే పిన్ని. భర్త పోయాక ముసలి అత్తగారితో, ఒక మేకతో ఉండేది. గోడలకు ఎర్రమన్ను పూసి, గుమ్మం చుట్టూ సున్నంతో నెమళ్ళు గీసేది. మాలాగే వాళ్ళూ శాకాహారులే. అయితే నా లెక్కలో శాకాహారమంటే లేత బెండకాయ, ఆనపకాయ. వాళ్ళు వండుకునేది చెట్టునుంచి కోసి ఎండబెట్టిన పుల్లల్లాంటి కాయలు. కంచాలు ఇసకతో తోమేవారు. మాసీ గుమ్మం బొమ్మ నెమళ్ళతో సహా వేసి, కింద పదికి రెండు వేశాను.

ఆ ఇంటి పెరట్లో వాన నీళ్ళు దాచుకునే నేలగొయ్యి ఉండేది, మూతకు తాళంతో. మా ఇంటికి అలాంటిది లేదు. మళ్ళీ వానలు పడేదాకా మాసీ రోజూ పొద్దున్నే తాళం తీసి రెండు బిందెలు తోడి అరుగు మీద పెట్టేది. ఒకటి వాళ్ళకు, ఒకటి మాకు. ఉగాదినాటికి గొయ్యి అడుగంటింది. ఆ రోజు తోడినదాన్ని రెండు రోజులు వాడుకోవాలని ముందురోజే అమ్మతో చెప్పింది. నేను విన్నాను. విన్నానన్న మాట ఇక్కడ రాయడం అవసరం.

ఆ పొద్దున అమ్మా నాన్నగారూ గుడికి వెళ్ళారు. నాకు తొమ్మిదేళ్ళ రెండు నెలలు. పండగపూట వాకిలి పొడి దుమ్ముతో ఉండటం నాకు సహించలేదు. ఇల్లంటే ఎలా ఉండాలో వీళ్ళకు చూపిద్దామనుకున్నాను. అరుగు మీది బిందెలు రెండూ దింపి, మా వాకిట్లో ఒకటీ మాసీ వాకిట్లో ఒకటీ కళ్ళాపి చల్లేశాను. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టాను. పావుగంటలో నేల మళ్ళీ తెల్లగా ఎండిపోయింది.

మాసీ బయటికి వచ్చి ఖాళీ బిందెల్ని చూసింది, నన్ను చూసింది. ముసలావిడ గోడ పట్టుకుని వచ్చి, తడి మిగిలిన ఒక్క మూల చతికిలబడి, అరచెయ్యి నేలకానించి వాసన చూసుకుంది. వాన పడిందా అని కోడల్ని అడిగింది. నా పుస్తకం ముగ్గు పక్కనే పడి ఉంది. మాసీ అది తీసి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పి ఒక చోట ఆగింది. ఆమెకు తెలుగు రాదు. అంకెలు వచ్చు.

"ఈ రెండేమిటి బేటీ?" అంది.

బడిలో మార్కులన్నాను.

"పదికి రెండేనా! అయ్యో." లోపలికి వెళ్ళి బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "దిగులు పడకు. మెల్లిగా పెరుగుతాయిలే."

మా అమ్మ వచ్చాక, మేక తన్ని బిందెలు దొర్లిపోయాయని మాసీయే చెప్పింది. ఆ పూట మమ్మల్ని భోజనానికి పిలిచింది. మజ్జిగతో కలిపిన సజ్జరొట్టె, నూనెలో వేయించిన ఆ ఎండుకాయలు. వంటలో చుక్క నీళ్ళు లేవు. నేను రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాను. చెంబులో మిగిలిన గ్లాసుడు నీళ్ళు నాకే ఇచ్చింది. ఆమె, అత్తగారు మజ్జిగ తాగారు. బిందెకు నలభై గ్లాసులని ఆ రాత్రి లెక్క వేశాను. ఎనభై గ్లాసులు మట్టిలో పోశాను.

ఆ తరవాత పదకొండు నెలలున్నాం. నెలకోసారి మాసీ అడిగేది, మార్కులు ఎంతకు వచ్చాయని. మూడన్నాను, నాలుగన్నాను. పెరిగిన ప్రతిసారీ బెల్లం. నాన్నగారికి బదిలీ అయ్యేనాటికి తొమ్మిది చెప్పాను. ఏడుసార్లు పెంచాను, మొదటిదానితో కలిపి ఎనిమిది బెల్లం ముక్కలు తిన్నాను. అబద్ధమని ఒక్కసారీ చెప్పలేదు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ.

ఇది మొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పని సంగతి. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సింగపూర్ వచ్చాక నన్నూ బుకిట్ పంజాంగ్‌లోని ఫ్లాట్‌కు తీసుకొచ్చాడు. పక్క ఫ్లాట్‌లో హైదరాబాదు ముస్లిం కుటుంబం. ఆ అమ్మాయి భర్తదీ మావాడి లాంటి కంప్యూటర్ ఉద్యోగమే. మొన్న శనివారం ఆమె హాల్లో ఒక గోడకు నారింజరంగు వేయించి, నన్నూ మా మనవరాల్నీ పిలిచింది. నాకోసం కొత్త గిన్నె కొని అందులో బగారా బైంగన్ వండింది.

"ఆంటీ, మీరు మస్తు స్ట్రిక్ట్ అంట గద. మా ఇంటికి పదికి ఎన్నేస్తరు?" అంది నవ్వుతూ.

"నానమ్మ మార్క్స్ వెరీ స్ట్రిక్ట్ లా!" అంది మనవరాలు ఇక్కడి యాసలో. దాని తెలుగు రాతకు మార్కులు వేసేది నేనే.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. యాభై అయిదేళ్ళు దాచుకున్నదంతా ఆ పక్కింటి పిల్లకు చెప్పేశాను. వింటున్నంతసేపూ ఆమె నవ్వలేదు.

"బుక్కుల పేరు రాసిన్రా ఆంటీ?"

లేదమ్మా, గుమ్మం బొమ్మ వేశానన్నాను.

"బొమ్మనా? నెమళ్ళతోనా?" ఆమె నా కంచం వైపు చూస్తూ మెల్లగా అంది. "ఆమె గీసిన నెమళ్ళు ఆమెకు తెల్వయా ఆంటీ?"

ఎనభై గ్లాసులు లెక్కపెట్టాను, ఎనిమిది ముక్కలు లెక్కపెట్టాను. ఈ ఒక్కటి నాకు తట్టలేదు. మాసీ నెలనెలా అడిగింది నా చదువు గురించి కాదు. తన ఇంటి గురించి. నేను అంకె పెంచినప్పుడల్లా, నాకు బెల్లం పెట్టి తాను సంతోషపడింది.

బండి ఎక్కేముందు ఆవిడ చివరిసారి అడిగిన మాట ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. "మరి పది ఎప్పుడు బేటీ?" నేను తల వంచుకుని బండి ఎక్కేశాను. ఆ పుస్తకం ఎప్పుడో పోయింది. ఇవ్వకుండా తెచ్చుకున్న ఆ ఒక్క మార్కు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.