పళ్లెంలో పెట్టని పెన్‌డ్రైవ్

“మా చెల్లె ఫోటో ఎవనికి అమ్ముకున్నవే? వాని పేరు చెప్పు!”

“ముందుగాల రాడ్ కింద పెట్టు నగేషూ. పెట్టి అడుగు, చెప్త.”

“దాన్ని ఇంట్ల ఏసి తాళం పెట్టొచ్చిన. నీ నోట్లెకెల్లి పేరు రాంగనే పోయి దాని పీక పిసుకుత. గటెన్క వాడు. గటెన్క నువ్వు.”

“గందర్ని సంపినంక నీకు చాయ్ పోసేటోళ్లు ఎవరుంటరు రా?”

మెట్లెక్కుతూ ఇంతవరకు విన్నాను. వెంటనే మానిటర్ పగిలిన చప్పుడు.

మెదక్ బస్టాండు వెనక సందులో, చెప్పుల దుకాణం పైన ఎలిశిబ నెట్ సెంటర్ ఉండేది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేశాక నాకు ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ పొద్దుపోయేది. సకల జనుల సమ్మెకు ముందటి వానాకాలం అది. పైకి ఉరికేసరికి నేలంతా గాజు. రాడ్ పట్టుకున్నవాడిది కుల్చారం దిక్కు ఊరు. పేరు నగేష్ అనుకుందాం. ఉద్యమం పాటలు పాడే ధూంధాం బృందంలో డప్పు కొడతాడు. మొన్నటిదాకా ఎలిశిబను అక్కా అని పిలిచినవాడు. వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు నన్ను గోడకు అదిమి మోకాలితో పొట్టలో గుద్దాడు. కింద పడ్డాను. లేవబోతే మెడ మీద కాలు పెట్టాడు. తర్వాత జరిగినదంతా నేల మీద చెంప ఆనించే చూశాను.

నగేష్ రెండో మానిటర్ పగలగొట్టాడు. మూడోదాని మీదికి పోతే ఎలిశిబ చెయ్యి అడ్డం పెట్టింది. రాడ్ వేళ్ల మీద పడింది. ఎముక విరిగితే మానిటర్ పగిలినంత చప్పుడు రాదు. ఎండుపుల్ల విరిచినట్టు ఉంటుంది.

“నీ చెయ్యి పడిపోను! టైపింగ్ చేసే చెయ్యి రా అది!” అని తిట్టింది.

ఆమె ప్రకాశం కూతురు. ప్రకాశం బోర్డులు రాసే పెయింటరు. ఒకప్పుడు మెదక్‌లో సగం దుకాణాల పేర్లు ఆయన చేతిరాతే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ప్లకార్డులు రాసినందుకు లాఠీ దెబ్బకు ముందుపళ్లు రాలిపోయాయి. బతికినంతకాలం ఆ పళ్ల సందులోంచి ఈల వేసి పిల్లల్ని నవ్వించేవాడు. ఫ్లెక్సీలొచ్చి కుంచె మూలన పడ్డాక, “అక్షరం యాడికి పోలే బిడ్డా, మిషన్ల పడ్డది. నువ్వు గూడ గాడికే పో” అని కూతుర్ని డీటీపీ నేర్చుకోమన్నాడు. ఎలిశిబ మొగుడు డీసీఎం వ్యాను డ్రైవరు. ఒకసారి కొడితే ఊరుకుంది. రెండోసారి చెయ్యెత్తితే కాలే ఇస్త్రీపెట్టె తెచ్చి అతని భుజానికి ఆనించింది. తర్వాత ఎవరి దారి వారిది. పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, ఎమ్మార్వో ఆఫీసుకు అర్జీలు టైప్ చేసి, సికింద్రాబాద్ నుంచి పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి నాలుగు మిషన్ల సెంటర్ పెట్టింది.

ఒకసారి ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ దూరి పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ తినేసింది. ముహూర్తం ముంచుకొచ్చిన పెళ్లివాళ్లు ఆమె జుట్టు పట్టుకున్నంత పని చేశారు. అప్పటి నుంచి కౌంటర్ మీద ఒక స్టీలు పళ్లెం పెట్టింది. ఎవరొచ్చినా పెన్‌డ్రైవ్ అందులో వెయ్యాలి. ఆమె స్కాన్ చేసి ఇచ్చాకే మిషన్‌కు పెట్టుకోవాలి. “చెప్పులు బయట, పెన్‌డ్రైవ్ పళ్లెంల” అనేది. ఒక కానిస్టేబుల్, “పోలీసోని పెన్‌డ్రైవ్‌ల ఏముంటదే?” అంటే, “దొంగలు ఎక్కువుండేది మీ తాననే గద సార్” అని పళ్లెం ముందుకు జరిపింది.

ఒక్కదానికి మాత్రం పళ్లెం లేదు. ఉద్యమం పాటల పెన్‌డ్రైవ్‌కు. కొత్త పాట రాగానే నగేష్ తెచ్చి సెంటర్ సెంటర్‌కూ పంచేవాడు. మొదటిసారి ఆమె పళ్లెం చూపిస్తే వాడి మొహం మాడిపోయింది.

“తెలంగాణ పాటను గూడ తనిఖీ చేస్తవా అక్కా? నీకూ ఆ లాఠీలోళ్లకూ ఫరకేమున్నది?”

ప్రకాశం కూతురికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పళ్లెం పక్కకు జరిపింది. మెదక్‌లో ఏ సెంటర్‌కు పోయినా అదే మర్యాద. పాటను అనుమానించడమంటే పాడినవాణ్ని అనుమానించడమే అనుకునే రోజులు. మిషన్లను పట్టే పురుగు ఆ మర్యాదలోంచే నడిచి వచ్చింది.

విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎలిశిబ, “ఫోటో చూపియ్యి” అంది. నగేష్ ఫోన్‌ను ఆమె ముక్కు మీదికి నెట్టాడు. ఆ ఫోటో అప్పటికే బ్లూటూత్‌లో సగం జిల్లా తిరిగింది. నగేష్ చెల్లెలు భాగ్య డిగ్రీ చదివే పిల్ల. హాల్ టికెట్ కోసం వానలో తడుస్తూ మా సెంటర్‌కు వచ్చి, ప్లైవుడ్ క్యాబిన్‌లో ఎవరూ చూడరనుకుని చున్నీ తీసి పిండుకుంటోంది. అంతే. ఆ అంతకే పీక పిసుకుతానంటున్నాడు. ఎవడికోసమో కావాలని కెమెరా ముందు నిలబడ్డదని వాడి నమ్మకం.

“జర మంచిగ చూడు. పిల్ల కండ్లు యాడున్నయి? చున్నీ మీదున్నయి. ఫోటో దిగేటోళ్లు గట్లుంటరా?”

“కథలు పడకు.”

“కెమెరా ఉన్నది గీ ఒక్క మిషన్‌కే. దీన్నే కొట్టబోయినవ్. కొట్టే ముంగట లోపలేమున్నదో చూసి కొట్టు.”

ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని, దాచిన ఫైళ్లు కనపడేలా చేసింది. ఎవరూ పెట్టని ఫోల్డర్ ఒకటి బయటపడింది. తెరిస్తే అన్నీ మొహాలే. పెన్షన్ సంగతి చూసుకోవడానికొచ్చిన ముసలి సారు నోరు తెరుచుకుని ఉన్నాడు. పళ్లెం దగ్గర గొణిగిన కానిస్టేబుల్ ముక్కులో వేలు పెట్టుకున్నాడు. నేను బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాను. ఒక్కరి చూపూ కెమెరా వైపు లేదు.

మా మిషన్‌లో దూరినదాన్ని బ్యాక్‌డోర్ ట్రోజన్ అంటారు. చూడ్డానికి పాటల ఫోల్డర్ లాగే ఉంటుంది. నొక్కితే పాట మోగుతుంది. మోగుతుండగానే లోపల్నుంచి దొడ్డి తలుపు గొళ్లెం తీసి పెడుతుంది. ఇక ఎక్కడో కూర్చున్నవాడు ఆ తలుపు గుండా వచ్చి మనకు తెలియకుండా మన కెమెరా నడుపుతాడు. మాకు తగిలినదానికి పురుగు గుణం కూడా ఉంది: ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా దానికదే అందులోకి పాకేది, తీసిన ఫోటోలనూ చాటుగా ఎక్కించేది. తయారు చేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. దొరికితే వాడి వేళ్లు కూడా ఆ రాడ్‌తోనే విరవాలని ఉంది.

ఎలిశిబ ఒక ఫోటో దగ్గర ఆగింది. అందులో నగేష్. కానిస్టేబుల్ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు. జాబితాలో వాడి నంబరు లేదు. పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు.

నా మెడ మీద కాలు సడలింది.

“గిది... నేనెప్పుడు దిగిన?”

“నువ్వు దిగలే. మీ చెల్లె గూడ దిగలే.”

నగేష్ రాడ్ ఎత్తి ఆ మిషన్‌నే కొట్టాడు. తెర మీద తన మొహం ముక్కలయ్యాక కూడా ఆపలేదు. సీపీయూ డబ్బాను కిందికి లాగి, లోపలి డిస్క్ వంకరపోయేదాకా కొట్టాడు. రేకు గీసుకుని అరచెయ్యి తెగింది. ఎలిశిబ గొంతు చించుకుని అరిచింది:

“మిషన్‌ను తర్వాత సంపుదువు! మీ అమ్మకు ఫోన్ కొట్టు ముందుగాల!”

అప్పుడాగాడు. నెత్తురు వేళ్లతో నంబరు నొక్కాడు. “అమ్మా, తాళంచెవి నా జేబుల్నే ఉన్నది. గొడ్డలి తీస్కొని తాళం పలగ్గొట్టు. పలగ్గొట్టే... భాగ్యకు అన్నం పెట్టు.” అవతల వాడి తల్లి యాదవ్వ కేకలు మాకూ వినిపించాయి. “నువ్వు ఇంటికి రాకు! నువ్వొస్తే గీ గొడ్డలి నీ మీదనే ఏస్త!”

తాళం పగిలింది. భాగ్య బతికింది.

దవాఖానలో ఎలిశిబ చేతికి కట్టు కట్టారు. రెండు వేళ్లు ఇక వంగవన్నారు. ఊరి నోరు మాత్రం మూతపడలేదు. రుజువున్న మిషన్‌ను నగేషే తుక్కు చేశాడు కదా, కళ్లారా చూశామని ఎంత చెప్పినా నమ్మేవాళ్లు లేరు. ఆడపిల్లల ఫోటోలు అమ్ముకునేది ఎలిశిబేనన్న మాట రామాయంపేట దాకా పాకింది. మెట్లెక్కేవాళ్లు లేరు. ఎవడో షట్టర్ మీద బూతు రాసిపోయాడు. “మా నాయిన ఊర్ల గింత వంకర అక్షరాలా?” అని నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

గాజు ఊడుస్తుంటే బల్ల కింద నాకు పెన్‌డ్రైవ్ దొరికింది. డప్పుకు కట్టే ఎర్రదారం కట్టి ఉంది. నగేష్‌ది, ఆ పెనుగులాటలో జేబులోంచి జారింది. నెట్ వైరు పీకేసి, మిగిలిన ఒక్క మిషన్‌కు పెట్టి చూశాం. పాటల చాటున ఫోల్డర్. అందులో చున్నీ పిండుకుంటూ భాగ్య.

భాగ్య తడిసి వచ్చిన ఆ వాన రోజునే, ఆమె వెళ్లిన కాసేపటికి, నగేష్ అదే మిషన్‌కు ఈ పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త పాటలు ఎక్కించి రామాయంపేట పోయాడు. మెమరీ కార్డుల్లో పాటలు నింపే దుకాణంలో ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఫోటో మొదట ఫోన్లలో పడింది ఆ దుకాణం నుంచేనని అందరికీ తెలుసు. దాన్ని అక్కడిదాకా చొక్కా జేబులో మోసుకుపోయినవాడు అన్నే.

“పా అక్కా, ఠాణాకు పోదాం. రాందాస్ చౌరస్తాల అందరికీ చూపిద్దాం” అన్నాను.

“చూపిస్తే?”

“నీ మీద మచ్చ పోతది. వాడు సిగ్గుతోని సస్తడు.”

“గదే గద. నిజంగనే సస్తడు. వాని చెయ్యి నా మీద లేసింది, మిషన్ మీద లేసింది. గిది చూస్తే వాని మీదనే లేస్తది. లేకుంటే మల్ల ఆ పిల్ల మీదికే పోతది. ఇరవై ఏండ్లు నిండని పిల్ల తమ్మీ. ఆ తలుపుకు మల్ల తాళం పడొద్దు.”

“మరి నీ సెంటరో?”

“పళ్లెం జరిపింది నేనే గద.”

కట్టు కట్టిన చేత్తో పెన్‌డ్రైవ్‌ను నా వైపు నెట్టింది. నగేష్ వదిలేసి పోయిన రాడ్ మూలన ఉంది. దాన్ని గడ్డంతో చూపించింది.

“నా చెయ్యి లేస్తలేదు. నువ్వు కొట్టు. పొడి పొడి కావాలె.”