కోటేష్‌కు వేరు పొయ్యి

ఆ నెల తండాలో పెన్షన్లు పంచినప్పుడు సైదమ్మ పేరు పిలవలేదు. అందరూ వెళ్లిపోయేదాకా ఆమె అక్కడే కూర్చుంది. చివరికి పంచాయతీ మనిషి ఒక నోటీసు ఆమె చేతిలో పెట్టి, "మండల ఆఫీసుకు పోయి అడుగవ్వా, నాకేం తెల్వదు" అంటూ సంచి సర్దుకున్నాడు.

ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ తండా. అక్కడ ఎవరికి ఏ కాగితం వచ్చినా ప్రమీల దగ్గరికే పోతారు. ఆమె పదో తరగతి చదివి ఆ తండాకు కోడలిగా వచ్చింది. మహిళా సంఘం లెక్కలు రాస్తుంది, అడిగినవాళ్లకు దరఖాస్తులు రాసిపెడుతుంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు గానీ, రాస్తున్నంతసేపూ తిడుతుంది. సైదమ్మ తెచ్చిన నోటీసు ఆమే చదివి చెప్పింది.

"ఇంట్ల ఉద్యోగస్తుడున్న సంగతి దాచినవట అత్తా. తెల్ల కార్డు రద్దు చేస్తరట. పెన్షన్ బంద్. తీసుకున్న బియ్యానికి కూడా పైసలు కట్టాల్నట."

"నా ఇంట్ల ఉద్యోగం ఎవలికే? కోడిపుంజుకా?"

"కోటేష్‌కు."



కోటేష్ సైదమ్మ మరిది దస్రు కొడుకు. పాలు తాగే వయసులోనే తల్లి చనిపోయింది. కొత్తగూడెం దగ్గర బొగ్గు గనిలో పనిచేసే దస్రు పిల్లవాణ్ని తెచ్చి వదిన ఒళ్లో వేసి వెళ్లిపోయాడు. సైదమ్మకు పిల్లలు లేరు. భర్త పోయాక కూడా మిరప కోతలకు, తునికాకు ఏరడానికి పోయి వాణ్ని పెంచింది. కార్డుల కోసం సర్వే వాళ్లు వచ్చి ఇంట్లో ఎవరెవరని అడిగితే, "నేను, నా కొడుకు" అంది. తండాలో ఒక పొయ్యి మీద తినేవాళ్లంతా ఒక ఇల్లే. ఎవరు ఎవరికి పుట్టారన్నది పెళ్లి సంబంధాలు చూసేటప్పుడే అడుగుతారు.

నిరుడు గనిలో దస్రు చనిపోతే ఆ ఉద్యోగం కోటేష్‌కు వచ్చింది. వాడు గని క్వార్టర్‌లో ఉంటాడు, ఆదివారం సెలవు దొరికితే ఇంటికి వస్తాడు. ఉద్యోగం వచ్చిందని తండా అంతా బెల్లం పంచిన సైదమ్మకు, ఆ సంగతి ఆఫీసుకు కూడా చెప్పాలని తోచలేదు.

"పెన్షన్ ఎందుకు యాడీ, నేను పంపిస్త గద" అంటాడు కోటేష్. లంబాడీలో యాడి అంటే అమ్మ.

"పెండ్లి అయ్యేదాకా పంపుతవ్" అంటుంది సైదమ్మ. ఆమె తినేది కార్డు బియ్యం. ఉప్పుకూ మందుబిళ్లలకూ ఎవరి ముందూ చేయి చాపకుండా గడిచేది ఆ పెన్షన్‌తోనే.

ప్రమీల తెల్లకాగితం తీసింది. "వాడు నీ కొడుకు కాదు, మరిది కొడుకని రాస్త. అది నిజమే. వేరే ఉంటడు, వేరే తింటడని రాస్త. కార్డు నిలబడతది."

"వేరే తింటడని ఎట్ల రాస్తవే? మొన్న ఆదివారం నా తాన తిన్నడు."

"సారు వచ్చి గిన్నెలు చూస్తడా అత్తా?"

"నన్ను అడుగుతడు గద. అడిగితే నేనే చెప్పాలె."

బతికున్న మనిషిని నా పొయ్యి మీద తినడు అనడం తండాలో చిన్న మాట కాదు. కులం నుంచి వెలేసినవాడి గురించే అట్లా అంటారు. ప్రమీలకు అది తెలుసు. తెలిసి కూడా విసుక్కుంది.

"చెప్పలేకపోతే పోయి వేరు పెట్టి రా! అప్పుడు చెప్తవ్."

ఆ మాట ఆమె కోపంలో అంది. సైదమ్మ మాత్రం దాన్ని పట్టుకుని ఇంటికి పోయింది. కొడుకు వేరుపడితే తల్లి తన పొయ్యిలో నిప్పు తీసుకుపోయి వాడి పొయ్యి ముట్టిస్తుంది. ఆ పొయ్యి మీద చేసిన మొదటి రొట్టె తనే తింటుంది. ఆ రోజు నుంచి కొడుకు ఆమె ఇంటికి చుట్టంలా వస్తాడు.

బుధవారం పొద్దున్నే పిడక నిప్పు ఒకటి చిన్న కుండలో వేసి, పైన బూడిద కప్పి, కొత్తగూడెం బస్సు ఎక్కింది. కుండను ఒళ్లో పెట్టుకుని పైట కప్పింది. బస్సు కొంత దూరం పోయాక కండక్టర్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏందవ్వా గా పొగ?"

"నిప్పు బిడ్డా."

"నిప్పా! బస్సుల నిప్పు తెస్తవా? జల్దీ దిగు!"

"బొగ్గు ఊరికి నిప్పు తీస్కపోతుంది, దింపకయ్యా. గనులన్నీ బందైతయ్" అన్నాడు వెనక సీట్లో ఒకడు. అందరూ నవ్వారు. కండక్టర్ కుండలోకి తొంగి చూశాడు. బూడిద తప్ప ఏమీ కనిపించలేదు. తిట్టుకుంటూనే ఆమెను వెనక తలుపు దగ్గరికి పంపించి, కుండ కింద పెట్టి పట్టుకొమ్మన్నాడు.

కోటేష్ రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. తలుపు తీసి ఆమెనూ కుండనూ చూశాడు. ఎందుకు వచ్చిందో విన్నాక గడప మీద కూలబడ్డాడు.

"కార్డు కోసం నన్ను ఎల్లగొడుతున్నవా యాడీ?"

"ఎల్లగొడితే నిప్పెందుకు తెస్తరా? వేరు పెడుతున్న."

"రెండూ ఒకటే."

"ఒకటైతే నేను గింత దూరం వస్తనా? నోటితోని చెప్పి ఊరుకుంటుంటి."

గదిలో దస్రు వాడిన బొగ్గు పొయ్యి మూలకు పడి ఉంది. కోటేష్ మెస్‌లో తింటాడు, దాన్ని ఎన్నడూ ముట్టించలేదు. సైదమ్మ దాన్ని బయటికి తెచ్చి, కొంగుతో దులిపి, కింద చితుకులు పేర్చింది. బూడిదలో నిప్పు మినుకుమంటోంది. దాన్ని చితుకుల్లో పెట్టి ఎంతసేపు ఊదినా అంటుకోలేదు. పొగకు ఆమెకు దగ్గు వచ్చింది. చివరికి కోటేష్ లేచి వచ్చి పక్కన కూర్చుని ఊదాడు.

పిండి కూడా ఆమె వెంట తెచ్చింది. కానీ రొట్టె వాణ్నే చేయమంది. అది ఒకవైపు మాడింది, నడుమ పచ్చిగా ఉంది. సైదమ్మ చుట్టంలాగా గోడకు ఆనుకుని కూర్చుని, మొత్తం తిన్నది.

"ఎట్లుంది?" అన్నాడు వాడు.

"పెండ్లి జల్దీ చేసుకో" అంది.

శుక్రవారం సైదమ్మ, ప్రమీల, కోటేష్ ముగ్గురూ మండల ఆఫీసుకు పోయారు. కార్డులు చూసే వెంకటరామారావు ప్రమీల రాసిన అర్జీ చదివి తల ఎత్తాడు. "సరే. అబ్బాయి విడిగా ఉంటున్నాడు, విడిగా తింటున్నాడు. ఎప్పటి నుంచమ్మా?"

ప్రమీల బల్ల కింద సైదమ్మ కాలు తొక్కింది.

"మొన్న బుధవారం నుంచి సార్."

"బుధవారమా! నోటీసు వచ్చాకా?"

సైదమ్మ జరిగింది చెప్పింది. లంబాడీలో అయితే తొందరగా చెప్పేది. తెలుగులో ఒక్కో మాటా వెతుక్కుంది. కుండలో నిప్పు సంగతి వచ్చేసరికి పక్క బల్ల గుమాస్తా రాయడం ఆపాడు. వెంకటరామారావు నవ్వలేదు. కలం మూత తీసి అర్జీ ముందుకు లాక్కున్నాడు.

"పేరు తీసేసి కార్డు ఉంచుతాను. పెన్షన్ కూడా మళ్లీ వస్తుంది. కానీ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి బుధవారం దాకా కలిసే తిన్నామని నువ్వే చెప్పావు. ఆ బియ్యం డబ్బు కట్టాలమ్మా. అది మాఫీ చేసే అధికారం నాకు లేదు."

"నేను కడత సార్" అన్నాడు కోటేష్.

"నువ్వెందుకు కడతవ్? వేరుపడ్డోనివి." సైదమ్మ అధికారి వైపు తిరిగింది. "నా పెన్షన్ల పట్టుకోండ్రి సార్. కొంచెం కొంచెం."

అట్లా అని రాసిమ్మన్నాడు వెంకటరామారావు. ప్రమీల పళ్లు కొరుకుతూ రాసింది, సైదమ్మ వేలిముద్ర వేసింది.

బయటికి రాగానే ప్రమీల అందుకుంది. "నిరుటి సంది అంటే నోరు పడిపోతుండెనా? గంత గట్టిగ తొక్కితిని!"

"తొక్కినవ్. ఇంకా నొస్తుంది" అంది సైదమ్మ.

కొత్తగూడెం బస్సు ముందు వచ్చింది. కోటేష్ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "ఈ ఆదివారం సెలవుంది యాడీ."

"రా. వచ్చేముందు చెప్పి రా."

ఎన్నడూ చెప్పి వచ్చినవాడు కాదు.

"ఫోన్ చేసి చెప్త" అని బస్సు ఎక్కాడు.