మెరుపు మీదికి, మసక కిందికి

మొన్న ఆదివారం బడంగ్‌పేట్‌లో ఉండే మా మేనమామ కొడుకు ఒక పాత పెళ్ళి ఫోటోను ఫోన్లో పంపి, "బావా, గిది ఏ ఏడాదిదో జర చెప్పరాదు, ఇంట్ల పెద్ద లొల్లయితున్నది" అన్నాడు. వాళ్ళ పెద్దమ్మ పెళ్ళి ముందా, చిన్నమ్మ పెళ్ళి ముందా అన్నది ఆ లొల్లి. నేను కళ్ళద్దాలు పెట్టుకుని ముందుగా పెళ్ళికొడుకు చొక్కా జేబు చూశాను. ఎడమ పక్కనే ఉంది. ఆ తర్వాతే కాలరు వెడల్పు, వెనకున్న కరెంటు స్తంభం, పెళ్ళికూతురు జాకెట్టు చేతులు చూసి, నాకు తోచింది చెప్పాను. పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ నవ్వింది. "మొఖాలిడిసిపెట్టి జేబులు సూసెటోడు దొంగన్న కావాలె, మా ఇంటాయనన్న కావాలె" అంది. ఈ మాట ఆమె వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అయితే ఈ అలవాటు నాకు వృత్తిలో అబ్బింది కాదు. వృత్తి మానేసిన చాలా ఏళ్ళకు, నాలుగేళ్ళ కిందట, ఒక పూటలో వచ్చింది.

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద ఒక ఫోటో స్టూడియో ఉండేది. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను అందులో చేరాను. దాని యజమానిని నేను ఉస్తాద్ అనేవాణ్ణి. ఫోటోలు ఆయన తీసేవాడు, చీకటి గదిలో కడగడం నాకు నేర్పాడు. మా పనిలో ఫోటోను అచ్చువేయడం అనం, కడగడం అంటాం. నెగెటివ్‌కు ఒక పక్క మెరుస్తుంది, ఒక పక్క మసకగా ఉంటుంది. మిషన్లో పెట్టేటప్పుడు మెరిసే పక్క పైన, మసక పక్క కింద ఉండాలి. తిరగేసి పెట్టినా బొమ్మ చక్కగానే వస్తుంది, కాకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమైపోతుంది. "మెరుపు మీదికి, మసక కిందికి, యాదుంచుకో బేటా" అని ఉస్తాద్ రోజుకు పదిసార్లు చెప్పేవాడు. చేరిన మొదటి వానాకాలంలో ఎన్ని తిరగేశానో నాకే తెలియదు. బోర్డు మీద అక్షరాలున్న ఫోటో అయితే వెంటనే దొరికిపోయేవాణ్ణి. ఊరికే మనుషులు, చెట్లు ఉన్నవి అలాగే గిరాకీల ఇళ్ళకు వెళ్ళిపోయేవి. ఎవరూ తిరిగి తెచ్చి అడగలేదు. తన ముఖం తనకు అద్దంలోనే అలవాటు కదా.

తర్వాత ఆ స్టూడియో నాదయింది. ఆ తర్వాత ఫోన్లొచ్చి మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్లకు కవర్లమ్ముతారు. పని పోయాక నాకు కొత్త గౌరవం వచ్చింది, అదే చిత్రం. విమానాశ్రయం వచ్చి, దాని వెంట రోడ్లొచ్చి, గోదాములొచ్చి, ఒకప్పటి బావులు, కంచెలు, బాటలు గుర్తుపట్టలేకుండా పోయాయి. తమ ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి జనానికి పాత ఫోటోలే మిగిలాయి. వాటిని తెచ్చి నా ముందు పరిచేవారు. అంచులు కత్తిరించిన పద్ధతి, కాగితం మందం, స్తంభం కట్టెదా సిమెంటుదా, భుజానికి రేడియో ఉందా లేదా, ఇలాంటివి చూసి నేను ఏడాది చెప్పేవాణ్ణి. మాజీ సర్పంచ్ నాకు 'ఫోటోల డాక్టర్' అని పేరు పెట్టాడు. ఆ పేరంటే నాకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఇష్టంగా ఉండేది. తెలియని చోట కూడా తెలియదని అనడం మెల్లగా మానేశాను.

మా వాడకట్టులో ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. ఆ ఇంటి అమ్మాయి నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. దవాఖానలో నర్సుగా చేస్తుంది కాబట్టి ఊరు మొత్తానికి ఆమె నర్సమ్మ. ఆమెకు ఆరేళ్ళున్నప్పుడు తల్లి పోయింది. అది పెద్ద వానల కాలం. వాగు పొంగి సమాధుల తోటకు బాట లేకపోతే, ఆమె తండ్రి తాను పనిచేసే ఆసామిని అడిగి, చేనులో బావి పక్కనే మట్టి ఇచ్చాడు. శిలువ చేయించే స్తోమత లేదు. భార్య రోజూ విసిరే ఇసుర్రాయి పైరాయిని తెచ్చి తలాపున నిలబెట్టాడు. కిందిరాయి ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ నర్సమ్మ ఇంటి అరుగు మీద ఉంటుంది, బైబిలు చదివేటప్పుడు ఆమె దాని మీదే కూర్చుంటుంది. కాలక్రమాన చేను చేతులు మారింది, దున్నారు, చదును చేశారు, దిబ్బ కనబడకుండా పోయింది. తండ్రి పోయాడు, అన్న పోయాడు. తల్లిని అవ్వ అని పిలిచే నర్సమ్మకు తెలిసింది ఒక్కటే, 'అవ్వ బావి పక్కన ఉంది.' ఏ పక్కనో తెలియదు.

నాలుగేళ్ళ కిందట ఆ చేనులోంచి కొత్త రోడ్డు పడింది. బావి గట్టు సగం మిగిలి ఉంది. దానికి పడమర పక్కగా రోడ్డు పోతుంది. సమాధి తూర్పున ఉంటే దాన్నెవరూ ముట్టుకోరు, పడమర ఉంటే మట్టి తోడే జేసీబీ మిషన్ రాకముందే తవ్వి, ఎముకలు తీసి సమాధుల తోటకు మార్చుకోవాలి. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత పడమర పక్క మిషన్ దిగుతుందని చెప్పారు. ఆ పొద్దున్నే నర్సమ్మ తన దగ్గరున్న ఒకే ఒక్క ఫోటో పట్టుకుని నన్ను పిలిపించింది. వానలు తగ్గాక పాస్టరు వచ్చి ప్రార్థన చేసిన రోజు మా ఉస్తాద్ తీసిన ఫోటో అది.

అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. రోడ్డు పని చూసే సూపర్‌వైజరు గోదావరి వైపు మనిషి, మర్యాదస్థుడు. "మీరు చెప్పండి సార్, మీ మాట మీద ఆధారపడి ఉన్నాం" అన్నాడు. మాజీ సర్పంచ్ నా భుజం తట్టి, "మా డాక్టర్ సాబ్ నాడి పట్టిండంటే తిరుగు లేదు" అన్నాడు. నేను ఫోటోను ఎండకు పట్టి చూశాను. ఎడమన బావి, నడుమ నిలబడ్డ మనుషులు, కుడివైపు చివర మట్టి దిబ్బ, దాని తలాపున నడిమిలో రంధ్రమున్న గుండ్రటి రాయి. వెనక గుట్ట ఉంది. ఆ గుట్టను రాళ్ళ కోసం ఎప్పుడో పగలగొట్టేశారు, దాని ఆకారం ఎవరికీ యాదిలేదు కానీ, అది బావికి ఉత్తరాన ఉండేదని అందరికీ తెలుసు. "ఉస్తాద్ ఉత్తరం దిక్కు తిరిగి తీసిండు. అంటే కుడి పక్క తూర్పు. అవ్వ తూర్పున ఉంది" అన్నాను. కోర్టులో జడ్జీ కూడా అంత నిదానంగా చెప్పి ఉండడు.

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "ఇగ మా అవ్వను కదిలియ్యద్దు. ఏడున్నదో ఆడనే పండుకోని" అంది. అప్పుడు మాజీ సర్పంచ్ అడిగాడు, "ఏ ఏడాదిదే గిది?" అది కూడా చెప్పి నా విద్య పూర్తి చేద్దామని ఫోటోను వెనక్కి తిప్పాను. స్టూడియో ముద్ర ఉంది. దాని కింద సిరాతో, కడిగినవాడే వేసే నెగెటివ్ నంబరు. ఆ నంబరులో ఒక నాలుగు ఉంది, తల విప్పుకుని కొమ్ముల్లా ఉన్న నాలుగు. అలాంటి నాలుగు వేసినందుకు ఉస్తాద్ నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు, మొదటి వానాకాలం దాటాక నేను మళ్ళీ అలా వేయలేదు. ఆ ఫోటో ఏ సంవత్సరానిదో, ఏ నెలలదో, ఎవరు కడిగారో నాకు ఒక్కసారిగా తెలిసింది. చప్పున ముందుకు తిప్పాను. నర్సమ్మ తండ్రి బిగుసుకుని నిలబడి ఉన్నాడు, బహుశా జీవితంలో ఒక్కసారే వేసుకున్న కొత్త చొక్కాతో. దాని జేబు కుడి పక్కన ఉంది.

చొక్కా జేబు కుడి పక్కన పెట్టి ఏ దర్జీ కుట్టడు. ఆ క్షణంలో నోరు తెరిచి, "ఆగండి, నేను తప్పు చెప్పిన" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. నేనన్నది మాత్రం ఏడాది సంగతి. సంవత్సరం చెప్పాను, అది నిజమే. అందరూ తలలూపారు. నర్సమ్మ తూర్పు పక్కన ఖాళీ మట్టి మీద బంతిపూలు పెట్టి మోకరించింది. ఆమె వెంట వచ్చిన ఇప్పటి పాస్టరు ప్రార్థన చేశాడు. అందరితో పాటు నేనూ తల వంచాను. ఆమె తల్లి లేని చోట తల వంచాను, తెలిసి వంచాను. ప్రార్థన అయ్యాక ఆమె ఫ్లాస్కులోంచి నాకే ముందు చాయ్ పోసింది. "నీ రుణం ఎట్ల తీర్సుకోవాలె అన్నా" అంది. ఆ చాయ్ తాగాను కూడా.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ పప్పు వేసి, "ఏందట్ల పరేషాన్‌గ ఉన్నవ్?" అంది. ఏం లేదన్నాను. తిరగేసి కడిగానో లేదో ఎవరు చూశారు, జేబు దర్జీ తప్పేమో, ఉస్తాద్ నిజంగానే అటు నిలబడి తీశాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ ప్రతి ముద్దకూ దాన్నే చూశాను. నడుమ పైనుంచి విమానం పోయింది, గోడకున్న ఫోటోల అద్దాలు సన్నగా అదిరాయి. అది మా ఇంట్లో రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం మా పెళ్ళి ఫోటోలో నా జేబు మీద చూపు పడి ఆగిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి స్కూటర్ తీశాను.

పెద్ద రోడ్డెక్కేసరికి ట్రాఫిక్ ఆపేశారు. ఎవరో పెద్దమనిషి విమానాశ్రయానికి పోతున్నాడు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి, "ఐదు నిమిషాలు కాకా, ఏమన్న మునుగుతదా?" అన్నాడు. మునుగుతుందని చెప్పలేకపోయాను. ఐదు నిమిషాలు పావుగంటైంది. రోడ్డు అవతల, చేల మీదుగా, మిషన్ మొదలైన చప్పుడు వినబడింది. స్కూటర్‌ను అక్కడే వదిలేసి, కానిస్టేబుల్ అరుస్తున్నా ఆగకుండా రోడ్డు దాటి చేలకడ్డంగా పరుగెత్తాను. అరవై దాటిన మనిషి పరుగు చూసి నవ్విన వాళ్ళు కూడా ఉన్నారు.

నేను పోయేసరికి పడమర పక్కన మోకాలి లోతు మట్టి లేచిపోయింది. రెండు చేతులూ ఎత్తి మిషన్ ముందు నిలబడ్డాను. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది! పొద్దున తూర్పని మీరేగా చెప్పింది?"

"తప్పు చెప్పిన సార్. ఆ ఫోటో తిరగబడ్డది. తిరగేసి కడిగింది నేనే."

మిషన్ ఆగింది. దాన్ని నడిపే పాలమూరు మనిషి కిందికి దిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇసుర్రాయి లెక్క ఒకటి లేచింది పెద్దనాయినా. పనికొస్తదని పక్కకేసిన" అన్నాడు. మట్టి కుప్ప మీద ఉంది. నడిమి రంధ్రం దగ్గర రెండుగా పగిలింది. బకెట్ పళ్ళు తగిలిన చోట రాయి తెల్లగా, కొత్తగా ఉంది.

నర్సమ్మకు ఫోన్ నేనే చేశాను. డ్యూటీ బట్టలతోనే ఆటోలో వచ్చింది. రాయి రెండు ముక్కలనూ చూసింది, వంగి ఒక ముక్క మీద మట్టిని అరచేత్తో తుడిచింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకెప్పుడు ఎరుకైందన్నా? గిప్పుడా?"

'ఇప్పుడే' అని అనవచ్చు. అందరూ నమ్ముతారు, పైగా పరుగెత్తుకొచ్చినందుకు మెచ్చుకుంటారు. "పొద్దుగాలనే చెల్లె. వెనక నంబరుల నేనేసిన వంకర నాలుగు చూసినప్పుడే, నువ్వు పూలు పెట్టకముందే" అన్నాను.

ఆమె అరచేతికంటిన మట్టిని చూసుకుంది. తర్వాత, "నాతోని ఒట్టి మట్టికి మొక్కిపిచ్చినవ్" అంది. అంతే. నన్ను తిట్టలేదు.

రాయి ఎక్కడ లేచిందో పాలమూరు మనిషికి గుర్తుంది. "గీడకెల్లి" అని కాలితో గీత గీశాడు. అక్కడి నుంచి మిషన్ ముట్టలేదు, పారలతో, తర్వాత చేతులతో తవ్వారు. నేనూ తవ్వుతానంటే నర్సమ్మ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పొద్దు వాలకముందే తల్లి దొరికింది. మిషన్ పళ్ళు ఇంకో జానెడు దిగి ఉంటే దొరికేది కాదు. తెల్లటి గుడ్డలో కట్టి, సమాధుల తోటలో భర్త పక్కన మట్టి ఇచ్చారు. పగిలిన రాయిని తలాపున పెట్టలేదు. నర్సమ్మ రెండు ముక్కలనూ ఇంటికి తీసుకుపోయి కిందిరాయి మీద ఆనించి పెట్టింది. ఆ అరుగు ముందు నుంచే నేను రోజూ పాలకు పోవాలి.

ఆరు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున మా గడపలో నిలబడి, ఆ ఫోటో ఇచ్చి, "గిది తిప్పి కడిగియ్యి" అంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఉస్తాద్ నెగెటివ్‌లన్నీ ఎప్పుడో బూజుపట్టి పోయాయి. ఫోటోను ఫోన్లో తీసి తిప్పాను. దానికి ఒక్క వేలు, ఒక్క తాకిడి చాలు. ఆమె తండ్రి జేబు ఎడమకు వచ్చింది, బావి కుడికి పోయింది, దిబ్బ పడమరకు వచ్చి, నిజంగా ఉండాల్సిన చోట నిలబడింది. కొత్త ఫోటో వెనక ఆ పాత నెగెటివ్ నంబరు, సంవత్సరం రాశాను. దాని కింద, 'మొదట తిరగేసి కడిగినది' అని రాసి నా పేరు పెట్టాను. నర్సమ్మ అది చదివి, ఫోటోను సంచిలో పెట్టుకుని, "నాలుగు గిప్పుడు మంచిగ ఏస్తున్నవ్" అని వెళ్ళిపోయింది.

అది మాఫీ కాదని నాకు తెలుసు. నలభై ఏళ్ళు తిరగబడి ఉన్న మనుషులను తమ తమ చోట్లలో నిలబెట్టడానికి ఒక్క క్షణం పట్టింది, కానీ చాయ్ తాగి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నాన్ని మాత్రం ఏ పక్కకు తిప్పి చూసుకున్నా అది అలాగే ఉంది.