హైమ గారు కలిపి కూర్చోబెట్టిన ఊళ్ళు

రోజూ సాయంత్రం కొత్తిమీరో పాలో కొనడానికి వెళ్ళి, పిస్కాటవేలోని ఇండియన్ కిరాణా దుకాణం తలుపు తోయగానే హైమ గారు గుమ్మంలో ఆగి "నమస్తే అండీ" అంటారు. ఫలానా మనిషికని కాదు, దుకాణం మొత్తానికి. బెండకాయలు ఏరుతున్నవాళ్ళు తలెత్తి, తెలిసినావిడేమోనని ఆలోచించి, మళ్ళీ బెండకాయల్లో పడిపోతారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మాత్రం అలవాటుపడిపోయి "హాయ్ ఆంటీ" అంటుంది. కూతురు అదితి వెంట వచ్చినా కారులోనే కూర్చుని, ఆ నమస్కారం అయిపోయాక లోపలికి వస్తుంది.

"అమ్మా, ఇక్కడ ఎవరూ అలా చెప్పరు. వియర్డ్‌గా చూస్తున్నారు."

"బ్రెజాక్‌లో చెప్పకపోతే వియర్డ్‌గా చూస్తారు."

"మనం న్యూజెర్సీలో ఉన్నాం."

"ఉన్నాంలేవే" అంటారు హైమ గారు, ఆ సంగతి ఎవరో అప్పుడే గుర్తుచేసినట్టు.

బ్రెజాక్ ఫ్రాన్స్ నడిమధ్య కొండల్లో ఓ చిన్న ఊరు. భర్త రామమోహన్ గారు దానికి గంట దూరంలోని పట్నంలో ఒక మందుల ల్యాబ్‌లో పనిచేసేవారు. విశాఖలో సోషల్ వర్క్ చదివిన హైమ గారు అక్కడ రెండేళ్ళు భాష నేర్చుకుని, ఆ కొండల్లోని ఊళ్ళ సంఘంలో ఉద్యోగం సంపాదించారు. ఆ ఊళ్ళలో బేకరీలు మూతపడ్డాయి, డాక్టరు రిటైరయ్యాడు, పోస్టాఫీసు తీసేశారు. పల్లెల బాగు కోసం యూరోపియన్ యూనియన్ నుంచి డబ్బు వచ్చేది కానీ, చుట్టుపక్కల ఊళ్ళు కలిసి కూర్చుని, మాకందరికీ ఇది కావాలని ఒక్క మాటగా చెబితేనే ఇచ్చేవాళ్ళు. వాళ్ళను అలా కూర్చోబెట్టడమే హైమ గారి పని.

మొదటి మీటింగ్‌ని ఆవిడ ఒక ఆదివారం పొద్దున పెట్టారు. అందరికీ సెలవు కదా అనుకున్నారు. తెల్లవారుజామునే లేచి గారెలు వేయించుకుని వెళ్ళారు. తీరా చూస్తే ఆ కొండల్లో వేట మొదలయ్యేది ఆ ఆదివారమే. మగవాళ్ళంతా అడవిలో ఉన్నారు, ఆడవాళ్ళు వాళ్ళు తెచ్చే అడవిపంది కోసం పొయ్యిలు సిద్ధం చేసుకుంటున్నారు. మేయర్ సొలాంజ్, హైమ గారు ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని గారెలు తిన్నారు. "ఇది కూడా మీటింగేలే, అందరం ఒప్పుకున్నాం" అందట సొలాంజ్ రెండో గారె తీసుకుంటూ.

ఆ తర్వాత హైమ గారు మీటింగులు మానేసి వంటిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. కాఫీ తాగేటప్పుడు ఆవుల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడేవారు. అసలు విషయం, లేచి గుమ్మం దగ్గరకు వచ్చాకే ఎత్తేవారు. అక్కడ జనం నిజం చెప్పేది గుమ్మం దగ్గరేనట. అన్నిటికీ అడ్డం చెప్పే మార్సెల్ అనే ఆవుల రైతు ఒకడుండేవాడు. ఊరి హాలు తాళంచెవి ఆవిడ అతని చేతికే ఇచ్చారు. తలుపు తీయాలి కాబట్టి అందరికంటే ముందు రావాలి, తాళం వేయాలి కాబట్టి చివరిదాకా ఉండాలి. ఉన్నంతసేపూ తిడుతూనే ఉండేవాడు కానీ, రొట్టె, ఉత్తరాలు, గ్యాస్ సిలిండర్లు ఒకేచోట దొరికే దుకాణం ఊరే నడుపుకోవాలన్న మాట ఒకరోజు అతని నోటినుంచే వచ్చింది. హైమ గారు ఆ మీటింగ్‌లో వెనక వరసలో కూర్చున్నారు. మొదటి ఏడాది తను మాట్లాడటం, రెండో ఏడాది తగ్గించడం, మూడో ఏడాది వెనక్కి జరగడం. అది ఆవిడ పద్ధతి.

పదకొండేళ్ళు అలా గడిచాక రామమోహన్ గారి కంపెనీ ఆయన్ని న్యూజెర్సీకి మార్చింది. ఆవిడది డిపెండెంట్ వీసా. కొన్నాళ్ళకు వర్క్ పర్మిట్ వచ్చింది గానీ, ఇంటర్వ్యూల్లో తన పనేమిటో చెబితే అవతలివాళ్ళకు అంతుపట్టేది కాదు. తెలుగువాళ్ళకూ అంతే.

ఒకసారి ఉగాది ఏర్పాట్లకని అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నలుగురూ చేరితే, ఆవిడ కుర్చీలు గుండ్రంగా వేసి ఒక్కొక్కరినీ మాట్లాడమన్నారు. రిటైరైన డాక్టరు మల్లికార్జునరావు గారు వాచీ చూసుకుని, "అమ్మా హైమా, ఇదేమైనా గ్రూప్ థెరపీయా? పులిహోర ఎవరు, పచ్చడి ఎవరు, తేల్చేస్తే పోతుంది కదా" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. పులిహోర సంగతి చివరికి వాట్సాప్‌లో తేలింది.

అప్పట్లో నేను యూనివర్సిటీలో చదువుకుంటూ వాళ్ళింట్లో పై గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ వంట చేస్తూ బ్రెజాక్ గురించి చెబుతుంటే, చారు పొంగేదాకా ఇద్దరికీ తెలిసేది కాదు.

నిరుడు మార్చిలో సొలాంజ్ ఫోన్ చేసింది. దుకాణాన్ని పెద్దది చేసి పక్క రెండు ఊళ్ళనూ కలుపుకునే అవకాశం వచ్చిందట. కానీ ఆ రెండు ఊళ్ళ మేయర్లూ మాట్లాడుకోవడం లేదు. వేసవిలోగా కలవకపోతే డబ్బు వెనక్కి పోతుంది, ఉన్న దుకాణమూ నిలవదు. "రెండు నెలలు రా. నీ మాటైతే వింటారు" అంది.

భోజనాల దగ్గర హైమ గారు విషయం చెప్పారు. రామమోహన్ గారు మజ్జిగ కలుపుకుంటూ, "తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ ఉంటుంది. పారిస్‌లో అపాయింట్‌మెంట్ దొరక్కపోతే అక్కడే ఇరుక్కుపోతావు" అన్నారు.

"ఇరుక్కుపోతే ఇరుక్కుపోతాను."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశారు. "అంతగా ఉందా?"

"ఆరేళ్ళుగా ఉందండీ."

"నాకు దోసెలు వేయడం వచ్చు. సరిగ్గా రావు, కానీ వచ్చు" అంది అదితి. రామమోహన్ గారు ఆ వారమే లాయర్‌తో మాట్లాడి టికెట్ బుక్ చేశారు.

ఆ నెలంతా హైమ గారు ఇంట్లో ఫ్రెంచ్‌లో పాడుకుంటూ తిరిగారు. ఏ వంటింటికి ముందు వెళ్ళాలో, ఏ మేయర్ తల్లిని ముందు పలకరించాలో నాకు చెప్పేవారు. చిన్న పెట్టెలో మార్సెల్ కోసం కందిపొడి సర్దుకున్నారు. అతను దాన్ని వెన్నలో కలిపి రొట్టె మీద రాసుకుని తినేవాడట.

ప్రయాణం వారంలోకి వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. చేతులు పిండిగా ఉండటంతో ఆవిడ స్పీకర్ నొక్కారు. అవతల పెద్ద గోల, గ్లాసుల చప్పుడు. ముందు సొలాంజ్, తర్వాత మార్సెల్. ఫోన్ పెట్టేశాక ఏం మాట్లాడుకున్నారో ఆవిడే మాకు తెలుగులో చెప్పారు.

"వాళ్ళే కూర్చున్నారట. మార్సెల్ రెండు ఊళ్ళూ తిరిగాడట, వంటింటికో కాఫీ తాగుతూ. ఒకచోట కాఫీకి బదులు ప్లమ్ పళ్ళతో కాచిన సారా పోశారట, కాదనలేకపోయానన్నాడు. గుమ్మం దగ్గరకు వచ్చాకే విషయం ఎత్తాడట. మేయర్లిద్దరూ ఇవాళ హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. ఒప్పేసుకున్నారు."

"మంచిదేగా! నువ్వు నేర్పిందేగా అదంతా" అన్నారు రామమోహన్ గారు.

"మంచిదేనండీ. చాలా మంచిది."

"మరి ఎందుకలా ఉన్నావ్?" అంది అదితి.

ఆవిడ పిండి చేతులతోనే స్టవ్ పక్కన నిలబడ్డారు. "ఇక పని కోసం రానక్కర్లేదన్నాడు. తినడానికి రమ్మన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో."

"అయితే వెళ్ళు. టికెట్ ఉందిగా" అన్నారు ఆయన.

"వెళ్ళి ఏం చేయనండీ? అక్కడ వంటింట్లో కూర్చుని ఊరికే కాఫీ తాగడం నాకు రాదు. నాకు లేచి గుమ్మం దగ్గరకు వచ్చాక చెప్పాల్సిన మాట ఒకటుండాలి."

ఆవిడ మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టారు. మర్నాడు టికెట్ రద్దు చేశారు. కందిపొడిని పోస్టులో పంపించారు.

బ్రెజాక్‌లో పెద్ద దుకాణం ఈ ఏప్రిల్‌లో తెరిచారు. హైమ గారు ఇప్పుడు వారానికి మూడు రోజులు టౌన్ లైబ్రరీలో పుస్తకాలు అరల్లో సర్దే ఉద్యోగం చేస్తున్నారు.